కల్యాణ కటకంలో రాజహత్య: బిజ్జలుడి మరణం చుట్టూ మూడు కుట్ర కథలు

కల్యాణ కటకం నుంచి దక్కన్ పీఠభూమిలో పెద్ద భాగాన్ని ఏలిన కలచుర్య రాజు రెండో బిజ్జలుడి పాలన క్రీ.శ. 1167-68లో ముగిసింది. కటకం అంటే సేనలు విడిసిన రాజధాని నగరం. పాలన ముగిసిన సంవత్సరం దగ్గర చరిత్రకారులకు పెద్దగా పేచీ లేదు. అది ముగిసిన తీరు దగ్గరే ఎనిమిది శతాబ్దాలుగా తగవు నడుస్తోంది. నిండు కొలువులో శివభక్తులు కత్తులతో పొడిచి చంపారని వీరశైవ పురాణాలు చెబుతుండగా, జైన సన్యాసి వేషంలో వచ్చిన మనిషి ఇచ్చిన విషఫలం వాసన చూసి రాజు కన్నుమూశాడని జైన కావ్యం చెబుతోంది. రాజ్యాన్ని కొడుకుకు అప్పగించి తానే తప్పుకున్నాడని శాసనాల ఆధారంగా వాదించిన పండితులూ ఉన్నారు. ఒకే రాజుకు ఇన్ని రకాల అంతం చెప్పిన ఈ వివాదంలో తెలుగువారి వాటా చిన్నది కాదు. హత్యను కారణంతోనూ హంతకుల పేర్లతోనూ వివరించిన కథనాల్లో నేడు దొరుకుతున్న అత్యంత ప్రాచీనమైనది తెలుగులో, పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో ఉంది.

కథ జరిగిన చోటు కూడా తెలుగు నేలకు దూరమేమీ కాదు. నాటి కల్యాణం నేటి కర్ణాటకలో బీదర్ జిల్లాకు చెందిన బసవకల్యాణ్; 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఆ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో భాగంగానే ఉండేది. పశ్చిమ చాళుక్యుల రాజధానిగా ఆ పట్టణం 11వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చి, ఆరో విక్రమాదిత్యుడి కాలంలో (1076-1126) విద్వాంసులకు నెలవైంది. కాశ్మీరం నుంచి వచ్చిన బిల్హణ కవి విక్రమాంకదేవ చరితాన్ని రచించిందీ, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిందీ ఆ రాజు ఆశ్రయంలోనే. హిందూ కుటుంబాల ఆస్తి పంపకాల వ్యాజ్యాల్లో నిన్నమొన్నటి వరకు మన న్యాయస్థానాలు ప్రమాణంగా తీసుకున్న మితాక్షర పుట్టిన కొలువులోనే, మరో రెండు తరాలకు, వర్ణధర్మాన్నే ప్రశ్నించిన ఉద్యమం తలెత్తింది.

సామంతుడు చక్రవర్తి అయిన తీరు

బిజ్జలుడు పుట్టుకతో చక్రవర్తి కాడు. కలచుర్యులు చాళుక్యులకు మహామండలేశ్వరులు, అంటే ఒక ప్రాంతాన్ని ఏలుతూ చక్రవర్తికి కప్పం, సైన్యం సమకూర్చే పెద్ద సామంతులు. నేటి మహారాష్ట్రలో సోలాపుర్ జిల్లాకు చెందిన మంగళవేఢ, నాటి మంగళవాడ, వారి కేంద్రం. మధ్య భారతంలోని కాలంజర పురానికి ప్రభువులమని బిరుదులు ధరించి, పూర్వపు ఘనత కలిగిన కలచురి వంశంతో తమ వంశాన్ని కలుపుకున్నారు. చాళుక్య మూడో తైలపుడి కాలానికి కేంద్రం బలహీనపడటంతో బిజ్జలుడు క్రమంగా పెరిగాడు. 1157 నాటి చిక్కలగి శాసనం అతణ్ణి మహాభుజబల చక్రవర్తి అని పేర్కొంది. ఆ తరువాత అయిదారేళ్లలోనే కల్యాణం అతని వశమై, సార్వభౌములకు మాత్రమే చెల్లే బిరుదులు అతని శాసనాలకెక్కాయి.

తైలపుణ్ణి కుంగదీసినవారిలో ఓరుగల్లు ప్రాంతపు కాకతీయులూ ఉన్నారు. రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభాల గుడిలో వేయించిన 1163 నాటి సంస్కృత శాసనం, అతని తండ్రి రెండో ప్రోలరాజు తైలపుణ్ణి యుద్ధంలో బంధించి, భక్తి వల్లా అనురాగం వల్లా వెంటనే విడిచిపెట్టాడని చెబుతుంది. పట్టుబడిన చక్రవర్తిని సామంతుడు దయతలచి వదిలేయడం, దాన్ని గొప్పగా రాతిలో చెక్కించడం చూస్తే చాళుక్య సింహాసనానికి మిగిలిన విలువ ఎంతో తెలుస్తుంది. రుద్రదేవుడి భయంతోనే తైలపుడు అతిసారం పాలై మరణించాడని కూడా అదే శాసనం ప్రకటించింది. శాసనకవి అతిశయోక్తిని పక్కన పెట్టినా, కాకతీయులు స్వతంత్రులైందీ బిజ్జలుడు చక్రవర్తి అయిందీ ఒకే పతనంలోంచి అన్నది స్పష్టం.

బిజ్జలుడి మరణాన్ని కేవలం మతకలహంగా చదివేవారు మరిచిపోయే విషయం ఇక్కడే ఉంది. ప్రభువు సింహాసనాన్ని ఆక్రమించిన సామంతుడికి శత్రువుల కొరత ఉండదు. పదవీచ్యుతులైన చాళుక్య వంశీకులు, వారి ఉప్పు తిన్న సేనానులు, తమతో సమానుడైనవాడికి తల వంచవలసి వచ్చిన ఇతర సామంతులు, వారసత్వం కోసం కాచుకున్న సొంత బంధువులు, వీరందరికీ అతని చావుతో పని ఉంది. అయినా పురాణాలు వీరిలో ఏ ఒక్కరినీ బోనెక్కించలేదు.

భండారి మీద పితూరీలు

పురాణాలు ముందుకు తెచ్చిన పేరు బసవన్నది. నేటి విజయపుర జిల్లాలోని బాగేవాడిలో మాదిరాజు, మాదాంబ దంపతులకు పుట్టి, ఉపనయనాన్ని కాదని ఇల్లు విడిచి, కృష్ణా మలప్రభా నదుల కూడలిలోని సంగమేశ్వరుణ్ణి ఆశ్రయించిన బసవడు, బిజ్జలుడి దండనాయకుడూ తనకు మేనమామా అయిన బలదేవుడి కుమార్తె గంగాంబను పెండ్లాడి, ఆయన తరువాత రాజు కొలువులో ఉన్నత పదవికి వచ్చాడని సోమనాథుడి కథనం. కన్నడ సంప్రదాయం ఆయనను భండారి, అంటే కోశాధికారిగా గుర్తుంచుకుంది. బసవడు కల్పిత పాత్ర కాడనడానికి బెళగావి జిల్లా అర్జునవాడలో దొరికిన 1260 నాటి యాదవుల కాలపు శాసనం సాక్ష్యం. అది ఆయనను బాగేవాడి మాదిరాజు కుమారుడిగా పేర్కొంది. అయితే బిజ్జలుడి కాలపు శాసనాల్లో మాత్రం ఈ మంత్రి పేరు కనబడదు.

బసవడి చుట్టూ చేరినవారిని శరణులన్నారు, శివుణ్ణి శరణు వేడినవారని అర్థం. మెడలో ఇష్టలింగం ధరించినవారంతా సమానులేనన్నది, చేసే పనే పూజ అన్నది వారి మాట. ఆ పనికి వారు పెట్టుకున్న పేరు కాయకం. చెప్పులు కుట్టేవారు, బట్టలుతికేవారు, పడవ నడిపేవారు, వెలివాడలవారు, బ్రాహ్మణ్యాన్ని వదులుకున్నవారు, స్త్రీలు ఒకే చోట కూడి, వచనాలనే గద్యగీతాల్లో తమ అనుభవాలను చెప్పుకున్నారు. అల్లమప్రభువు, అక్కమహాదేవి, మడివాళ మాచయ్య, బసవడి మేనల్లుడు చెన్నబసవడు ఆ కూటమిలోని ప్రసిద్ధులు. ఊరూరా తిరిగే శివయోగులైన జంగములకు బసవడి ఇంట నిత్యం అన్నసంతర్పణ జరిగేది.

కొలువులో అసలు కుట్ర మొదలైంది ఈ అన్నదానం మీదే. రాజుగారి బొక్కసం జంగముల పాలవుతోందని బసవడంటే గిట్టనివారు బిజ్జలుడి చెవిన వేయడం, రాజు లెక్క చూపమనడం, చూస్తే ఒక్క మాడ కూడా తక్కువ కాకపోవడం బసవపురాణంలో ప్రముఖ ఘట్టం. మహిమను నమ్మేవారికి అది మహిమ. నమ్మనివారికి కూడా ఆ ఘట్టం ఒక నిజాన్ని చెబుతుంది. ఏ రాజ్యంలోనైనా ధనాగారం తాళాలు ఒక కొత్త మతవర్గం పెద్ద చేతిలో ఉంటే, ఆ వర్గం ఇంటింటా పెరుగుతుంటే, సింహాసనం మీద ఉన్నవాడికి నిద్ర పట్టదు. ఆ సింహాసనమే అంతకుముందు మరొకరిది అయినప్పుడు మరీనూ.

సోమనాథుడు దాచని హత్య

నేటి జనగామ జిల్లా పాలకుర్తి ప్రాంతానికి చెందినవాడిగా ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు ఏ కాకతీయ ప్రభువు కాలంవాడన్న చర్చ తెగలేదు గాని, కాకతీయ యుగంవాడన్న దానిలో ఎక్కువమందికి సందేహం లేదు. అంటే కల్యాణంలో జరిగిన సంఘటనకు ఒకటి రెండు తరాలైనా తరువాత, అంతకన్నా ఎక్కువే కావచ్చు, అతడు బసవపురాణాన్ని ఏడు ఆశ్వాసాలుగా రాశాడు. ఆశ్వాసం అంటే కావ్యంలో ఒక అధ్యాయం. రెండేసి పాదాలతో సాగుతూ పాడుకోవడానికి అనువైన ద్విపదను అతడు ఎంచుకోవడానికి కారణం, చదువురాని భక్తులకు కూడా కథ చేరాలన్న పట్టుదల.

చివరి ఆశ్వాసంలో రాజహత్య వస్తుంది. అల్లయ్య, మధువయ్య అనే ఇద్దరు శివభక్తుల కళ్లను బిజ్జలుడు పెరికించాడు. ఈ అపచారానికి ప్రతీకారం తీర్చే భారం జగదేవ దండనాయకుడి మీద పెట్టి, పట్టణం పాడైపోవాలని శపించి బసవడు సంగమేశ్వరానికి వెళ్లిపోయాడు. జగదేవుడు ముందు ఇంటికి భోజనానికి వెళ్లగా, శివద్రోహి బతికి ఉండగానే అన్నం ఎలా సయించిందని తల్లి ఈసడించి, కుక్కకు పెట్టినట్టు ఆరుబయట కూడు పెట్టింది. ఆ అవమానంతో రగిలిన జగదేవుడు తోడు మనుషులతో రాజభవనంలో చొరబడి, నిండు కొలువులో బిజ్జలుణ్ణి పొడిచి చంపాడు. తోడు వెళ్లింది మల్లయ్య, బొమ్మయ్య అనే ఇద్దరని కొందరు చెబితే, కన్నడ సంప్రదాయం మల్లిబొమ్మ అని ఒక్కడి పేరే చెబుతుంది. ఆ తరువాత పట్టణంలో మనిషితో మనిషి, గుర్రంతో గుర్రం, ఏనుగుతో ఏనుగు తలపడి కల్యాణం నాశనమైంది.

రాజహత్యల చరిత్రలో ఈ కథనానికి ఉన్న విశేషం ఇది: సాధారణంగా హత్యానేరాన్ని ప్రత్యర్థులు మోపుతారు, నిందితుల పక్షం కాదంటుంది. ఇక్కడ నేరాన్ని ఒప్పుకొన్నది నిందితుల పక్షానికి చెందిన కవే, అదీ ఒప్పుకోలుగా కాక కీర్తనగా. తల్లి కొడుకును హత్యకు ఉసిగొల్పే ఘట్టాన్ని సోమనాథుడు భక్తికి పరాకాష్ఠగా చిత్రించాడు. శివనిందను సహించడం కన్నా చంపడం, చావడం మేలన్న వీరభక్తి అతని కావ్యమంతా పరుచుకుని ఉంది. తన గురువు మీద మచ్చ పడుతుందన్న జంకు ఆ ద్విపదలో ఎక్కడా లేదు. ఆధునిక పాఠకుడికి ఇది ఇబ్బందికరమే. దయలేని ధర్మం ఏ ధర్మమని అడిగిన వచనకర్తగా లోకం గుర్తుంచుకున్న బసవడికీ, హత్యాభారాన్ని శిష్యుడికి అప్పగించిన పురాణ బసవడికీ పొత్తు కుదరదు. ఈ రెండింటిలో వచనాల బసవడే చారిత్రక వ్యక్తికి దగ్గరివాడనీ, పురాణ బసవడిలో సోమనాథుడి కాలపు పోరాట స్వభావం ఎక్కువగా కలిసిందనీ భావించడం సమంజసం.

ఈ పురాణానికి ఓరుగల్లులోనే ఎదురుగాలి వీచినట్టు ఐతిహ్యం ఉంది. స్వయంభూదేవుడి గుడిలో భక్తులు బసవపురాణ పఠనం వింటుండగా వచ్చిన ప్రతాపరుద్రుడు అదేమిటని అడిగాడనీ, అది నిన్నమొన్నటి ద్విపద, ప్రమాణం కాదని పక్కనున్న విప్రుడు చెప్పడంతో రాజు వెళ్లిపోయాడనీ తరువాతి కాలపు పిడుపర్తి సోమనాథుడు రాశాడు. అదే పిడుపర్తి కవి ఈ కథను పద్యకావ్యంగా మార్చడం, పండితుల ఆమోదం కోసం ఆ వర్గం ఎంత శ్రమపడిందో చెబుతుంది. కన్నడంలోకి మాత్రం 1369లోనే భీమకవి దీన్ని అనువదించాడు. అంటే బసవడి జీవితకథ ఆయన సొంత భాషలో బహుళ ప్రచారం పొందడానికి తెలుగు కావ్యమే మూలమైంది. సోమనాథుడికన్నా ముందువాడిగా భావించే కన్నడ కవి హరిహరుడు రగళె అనే గేయచ్ఛందస్సులో బసవడి చరిత్ర రాశాడు గాని, ఆ కృతి అసంపూర్ణంగానే దొరికింది; రాజహత్య మీద అతని సాక్ష్యం మనకు లేదు.

పెళ్లి ఎప్పుడు కథలోకి వచ్చింది?

నేడు కల్యాణ విప్లవం పేరుతో చెప్పే కథలో కేంద్రబిందువు ఒక వర్ణాంతర వివాహం. చెప్పులు కుట్టే హరళయ్య కుమారుడికి, బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెకు శరణులు పెళ్లి జరిపించారు. సనాతనులు గగ్గోలు పెట్టగా బిజ్జలుడు ఇద్దరు తండ్రులకూ మరణశిక్ష వేసి ఏనుగు కాళ్లకు కట్టి ఈడ్పించాడు. దానితో శరణుల్లోని ఆవేశపరులు రాజును చంపారు. గిరీశ్ కర్నాడ్ 1990లో రాసిన తలెదండ నాటకానికి వస్తువు ఇదే. ఆ నాటకానికి 1994లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. తండ్రిని నిర్బంధించి అధికారం లాక్కునే కొడుకుగా సోవిదేవుణ్ణి చూపి, కర్నాడ్ అంతఃపుర కుట్రను కూడా ఈ కథలోకి తెచ్చాడు.

అయితే సోమనాథుడి అల్లయ్య, మధువయ్యలే ఈ హరళయ్య, మధువరసులని పేర్లే చెబుతున్నా, వారి శిక్షకు పెళ్లి కారణమన్న మాట సోమనాథుడిలో లేదు. కళ్లు పెరికించడం మాత్రమే ఉంది. పెళ్లి, ఈడ్పు శిక్ష తరువాతి శతాబ్దాల కన్నడ పురాణాల్లో విస్తరించాయి. వాటిలో పేరెన్నికగన్నది విరూపాక్ష పండితుడు 1584లో పూర్తి చేసిన చెన్నబసవ పురాణం. హంతకులు దివిటీలు పట్టేవారిగా రాజు ముందు నడుస్తూ అదను చూసి పొడిచారన్న కథాభేదమూ ఈ తరువాతి సంప్రదాయంలోనిదే. నిండు కొలువులో బాహాటంగా జరిగిన హత్య, నాలుగు వందల ఏళ్లలో చీకటి మాటున జరిగిన కుట్రగా మారిందన్నమాట.

ఇంత స్పష్టమైన విప్లవాత్మక సంఘటన నిజంగా జరిగి ఉంటే, కులాన్ని అంతగా ఖండించిన సోమనాథుడు దాన్ని వదిలిపెట్టడం నమ్మశక్యం కాదు. మాలమాదిగ భక్తుల కథలను వెతికి వెతికి రాసిన కవి అతడు. కాబట్టి పెళ్లి జరగలేదని తేల్చలేకపోయినా, రాజహత్యకు అదే కారణమని పాఠ్యపుస్తకాల్లో నిశ్చయంగా రాయడం ఆధారానికి మించిన మాట. శరణులు కులాన్ని ధిక్కరించారనడానికి వచనాలే చాలు. దానికి ఈ పెళ్లి సాక్ష్యం అక్కర్లేదు.

విషఫలం

జైనుల కథనం బిజ్జలరాయ చరితె అనే కన్నడ కావ్యంలో ఉంది. ధరణి పండితుడి రచనగా చెప్పే ఈ గ్రంథాన్ని 17వ శతాబ్దానిదిగా భావిస్తారు. దీని ప్రకారం బిజ్జలుడు జైనుడు. బసవడి చెల్లెలు పద్మావతి సౌందర్యానికి ముగ్ధుడై ఆమెను పెళ్లాడి, బావమరిదికి అధికారం అప్పగించాడు. బసవడు బొక్కసాన్ని జంగములకు దోచిపెట్టి రాజుకు శత్రువయ్యాడు. కొల్హాపురపు శిలాహారుల మీద దండయాత్ర ముగించుకుని వస్తూ రాజు భీమానది ఒడ్డున విడిది చేసినప్పుడు, బసవడు ఒక జంగమానికి జైన సన్యాసి వేషం వేసి విషఫలంతో పంపాడు. గురువు ఇచ్చాడన్న భక్తితో రాజు దాన్ని వాసన చూసి స్పృహ తప్పాడు. బసవణ్ణి చంపమని కొడుకుకు చెప్పి ప్రాణం విడిచాడు. రాజకుమారుడు తరమగా బసవడు ఉళవి చేరి బావిలో దూకి మరణించాడు.

చక్కని అపరాధ పరిశోధక కథకు కావలసిన దినుసులన్నీ ఇందులో ఉన్నాయి: అందగత్తె, మోసగాడైన బావమరిది, మారువేషం, ఆనవాలు మిగల్చని విషం, నదీతీరపు శిబిరం. కొల్హాపురం నుంచి కల్యాణానికి వచ్చే దారిలో భీమానది అడ్డు వస్తుంది కాబట్టి భూగోళం దగ్గర కవి పొరబడలేదు కూడా. కాని నాలుగు శతాబ్దాలకు పైబడి ఆలస్యంగా వచ్చిన వాంగ్మూలం ఇది. ఆ మధ్యకాలంలో కర్ణాటకలో జైనుల ప్రాబల్యం తగ్గి వీరశైవుల ప్రాబల్యం పెరిగిన చరిత్ర నీడ దీనిమీద దట్టంగా పడింది. బసవపురాణాన్ని తలకిందులు చేసి రాసిన జవాబుగా దీన్ని చూడటమే సబబు. అక్కడ బాహాటమైన వీరకృత్యం ఇక్కడ నీచమైన వంచన అయింది, అక్కడ సంగమేశ్వరుడిలో ఐక్యమైన బసవడు ఇక్కడ బావిలో పడ్డాడు.

రాళ్లు చెప్పేదీ, చెప్పనిదీ

వీరశైవ, జైన కథనాలు రెండూ ఒక విషయంలో కలుస్తాయి: బిజ్జలుడు జైన పక్షపాతి. శాసనాలు దీనినే సందేహంలో పడేస్తున్నాయి. కలచుర్యుల పతాకం మీద చిహ్నం బంగారు వృషభం, శివుడి వాహనం. హావేరి జిల్లా అబ్లూరులో దొరికిన, 1200 ప్రాంతానిదిగా భావించే శాసనం మరీ ఆసక్తికరమైనది. ఏకాంతద రామయ్య అనే శైవుడు జైనులతో పందెం వేసి, తన తల తానే నరుక్కుని శివానుగ్రహంతో తిరిగి పొందాడనీ, ఓడిన జైనులు ఒప్పందం ప్రకారం జినబింబాన్ని తీసివేయడానికి నిరాకరిస్తే తానే దాన్ని ధ్వంసం చేశాడనీ, జైనులు బిజ్జలుడికి మొరపెట్టుకోగా ఆ రాజు విచారించి రామయ్యకే జయపత్రం ఇచ్చాడనీ ఆ శాసనం కథనం. జయపత్రం అంటే వాదంలో గెలిచినట్టు రాజు ఇచ్చే తీర్పు పత్రం. తల తిరిగి మొలిచిన మాట ఎలా ఉన్నా, బిజ్జలుడు పోయిన మూడు నాలుగు దశాబ్దాలకే శైవులు అతణ్ణి తమవైపు తీర్పు చెప్పిన రాజుగా రాతి మీద చెక్కించారు. ఈ శాసనాన్ని ప్రకటించిన ఆంగ్ల శాసన పరిశోధకుడు ఫ్లీట్, పురాణాలను నమ్మలేక, శైవ పునరుజ్జీవనానికి మూలపురుషుడు రామయ్యే కావచ్చని వాదించేదాకా వెళ్లాడు. అర్జునవాడ శాసనం వెలుగులోకి వచ్చాక ఆ వాదం బలం తగ్గింది.

రాజు మరణం గురించి మాత్రం కలచుర్య శాసనాలు నోరు విప్పవు. కొడుకు సోవిదేవుడి పాలన 1167-68 నుంచి లెక్కకు వస్తుంది. బిజ్జలుడు కొడుక్కు రాజ్యం అప్పగించి తప్పుకున్నాడన్న ఫ్లీట్ అభిప్రాయానికి ఆధారం ఇటువంటి శాసనాలే. అప్పగించాక హత్య జరిగిందా, హత్యను కప్పిపుచ్చడానికే అప్పగింత అన్నారా, అసలు రెండూ ఒకదానికొకటి సంబంధం లేని సంగతులా అని పండితులు తలోదారి పట్టారు. రాజవంశాలు తమ ఇంటి హత్యలను శాసనాల్లో రాయించుకోవు కనుక మౌనాన్ని హత్య జరగలేదనడానికి రుజువుగా వాడటం కుదరదు. అదే సమయంలో ప్రత్యర్థి మతాలు రెండూ, కారణాలు వేరైనా, రాజుది సహజ మరణం కాదని చెప్పడం తోసిపుచ్చదగింది కాదు.

పురాణం స్పష్టంగా తప్పిన చోటు ఒకటుంది. బిజ్జలుడి వంశం అంతటితో అంతరించి కల్యాణం బూడిద కుప్ప అయిందన్న మాటను కలచుర్య శాసనాలే కొట్టివేస్తాయి. సోవిదేవుడు 1176 వరకు పాలించాడు. ఆ తరువాత సోదరులు సంకముడు, ఆహవమల్లుడు, సింఘణుడు వరుసగా 1184 దాకా ఏలారు. రాజు మరణంతో వెంటనే చెదిరిపోయింది రాజ్యం కాదు, శరణుల కూటమే. చెన్నబసవడి వెంట కొందరు పడమటి కనుమల అడవుల్లోని ఉళవికి వెళ్లారు, తక్కినవారు తలో దిక్కయ్యారు. బసవణ్ణి చూడాలని బయలుదేరిన ఆంధ్రదేశపు శైవాచార్యుడు మల్లికార్జున పండితారాధ్యుడికి దారిలోనే ఆయన లింగైక్యమైన వార్త అందిందని, ఆయన శోకానికి అంతులేకపోయిందని సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో రాశాడు. చెల్లాచెదురైన వచనాలను పోగుచేసి క్రమపరిచే పని పెద్ద ఎత్తున సాగడానికి 15వ శతాబ్దపు విజయనగర ప్రౌఢదేవరాయల కాలం దాకా ఆగవలసి వచ్చింది.

హత్య వల్ల ఎవరికి మేలు కలిగిందన్నది పరిశోధకుడు వేసే తొలి ప్రశ్న. ఈ కథలో శరణులకు కలగలేదు, జైనులకు కలగలేదు. సింహాసనం దక్కింది సోవిదేవుడికి. పాత ప్రభువుల మాటకొస్తే, చాళుక్య నాలుగో సోమేశ్వరుడు 1180ల్లో కల్యాణాన్ని తిరిగి గెలిచాడు గాని, కొద్ది ఏళ్లకే ఉత్తరాన యాదవులు, దక్షిణాన హొయసలులు, తూర్పున కాకతీయులు ఆ సామ్రాజ్యాన్ని పంచుకున్నారు. ఇంత స్పష్టమైన రాజకీయ రంగస్థలాన్ని రెండు మతాల కవులూ పక్కకు నెట్టి, తమ దేవుడి గౌరవానికే రాజు ప్రాణం పోయిందని రాశారు. దొరికిన ఆధారాలను బట్టి చెప్పగలిగింది ఇంతే: బిజ్జలుడు హత్యకు గురై ఉండటానికే అవకాశం ఎక్కువ, అందులో శివభక్తులైన కొందరు సైనికోద్యోగుల చేయి ఉండవచ్చు, బసవడి ఆజ్ఞ ఉందనడానికి పురాణం తప్ప వేరే సాక్ష్యం లేదు, విషఫలం కథ నిలబడదు, పెళ్లి కారణమన్నది తరువాతి చేర్పు. సోవిదేవుణ్ణి అనుమానించడానికి ఒక నాటకకర్త ఊహ తప్ప ఆధారం లేదు, నిర్దోషి అనడానికీ లేదు.